కొత్త పికప్‌కి ఇంజన్ ఆయిల్, డిఫరెన్షియల్ ఆయిల్ ఎలా ఎంచుకోవాలి

పికప్ కొన్నవాళ్ళు మొదటి సర్వీసు దగ్గరపడగానే అడిగే ప్రశ్న ఒకటే, ఏ కంపెనీ ఆయిల్ మంచిది అని. ఆ ప్రశ్నని కాసేపు పక్కన పెట్టండి. డబ్బా ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు కంటే, వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న రెండు లైన్లే మీకు కావలసినవి. ఇంకో మాట. ఇంజన్ ఆయిల్ గురించి గంటలకొద్దీ వాదించుకునేవాళ్ళు కూడా, వెనక ఇరుసు మధ్యలో బుంగలా ఉబ్బి ఉండి, ఇంజన్ బలాన్ని రెండు చక్రాలకీ పంచే ఆ డిఫరెన్షియల్‌లో ఏ ఆయిల్ ఉందో అడిగితే బిక్కమొహం వేస్తారు. ఇంజన్‌కి ఫిల్టర్ ఉంది, డిప్‌స్టిక్ ఉంది, ప్రెషర్ పడిపోతే ఎర్ర లైటు వెలుగుతుంది. డిఫరెన్షియల్‌కి సాధారణంగా ఇవేవీ ఉండవు. నోరు లేని జీవి అది. మూలగడం మొదలుపెట్టే వేళకి లోపల పళ్ళు అరిగిపోయి ఉంటాయి.

ముందు మాన్యువల్ తెరవండి

చాలామంది దాని కవరు కూడా చింపరు. తెరిచాక ఆయిల్ అనే మాట కనిపించిన మొదటి పేజీ దగ్గరే ఆగిపోకండి, చివర్లో స్పెసిఫికేషన్స్ అని ఒక చాప్టర్ ఉంటుంది, అసలు పట్టిక అక్కడే. అందులోంచి ఇంజన్‌కి గ్రేడు, స్టాండర్డు, ఫిల్టర్‌తో కలిపి ఎన్ని లీటర్లు పడుతుందో రాసుకోండి. తర్వాత వెనక డిఫరెన్షియల్‌కి అవే మూడు. బండి ఫోర్ బై ఫోర్ అయితే ముందు డిఫరెన్షియల్‌కి, ముందు వెనక ఇరుసులకి బలాన్ని పంచే ట్రాన్స్‌ఫర్ కేస్‌కి కూడా విడివిడిగా. ఈ మూడింటికీ ఒకటే ఆయిల్ అనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు, ట్రాన్స్‌ఫర్ కేస్ చాలా బండ్లలో గేర్ ఆయిల్ అడగదు, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిలో, దానికంటూ ప్రత్యేకంగా చేసిన ఆయిలో అడుగుతుంది.

పట్టికలో మీ ఇంజన్ వరసే చూస్తున్నారో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకోండి. ఒకే పేరుతో ఒకే ఏడాది వచ్చిన పికప్‌లో పెట్రోల్ ఉంటుంది, డీజిల్ ఉంటుంది, రెండు మూడు సైజుల ఇంజన్లు ఉంటాయి, ఇరుసులు కూడా ఒకటి కంటే ఎక్కువ రకాలు ఉంటాయి. పక్కింటాయన బండి మీ బండిలాగే ఉంది కదా అని ఆయన పోసిందే పోయొద్దు. ఆ పేజీని ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకుంటే షాపులో నిలబడి తల గోక్కునే పని ఉండదు.

నంబర్లు ఏం చెప్తున్నాయి

5డబ్ల్యూ-30 తీసుకుందాం. డబ్ల్యూ అంటే వింటర్. ముందున్న 5, గడ్డకట్టే చలిలో స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెప్తుంది. ఆ అంకె ఎంత చిన్నదైతే చలిలో అంత తేలిగ్గా పారుతుంది. వెనకున్న 30, ఇంజన్ వేడెక్కాక, అంటే 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఎంత చిక్కగా ఉంటుందో చెప్తుంది. కాబట్టి 0డబ్ల్యూ-40 చూసి సున్నా ఉంది కదా, నీళ్ళలా ఉంటుందేమో అనుకోకండి, వేడి మీద అది 5డబ్ల్యూ-30 కంటే చిక్కనే.

ఇక ఎండలు మండే చోట చిక్కటి ఆయిల్ పోయాలి అన్న సలహా. పాత ఇంజన్ల కాలంలో అందులో కొంత నిజం ఉండేది. ఇప్పటి ఇంజన్లలో ఆయిల్ పని కేవలం నునుపు చేయడం కాదు, వాల్వ్ టైమింగ్ మార్చేది ఆయిల్ ప్రెషరే, లోడు లేనప్పుడు కొన్ని సిలిండర్లని పడుకోబెట్టే ఏర్పాటు నడిచేది కూడా ఆయిల్ ప్రెషర్ మీదే, పంపు సైతం అవసరాన్ని బట్టి ఎక్కువ తక్కువ తోసేలా చేశారు. ఇవన్నీ ఫలానా చిక్కదనం ఉంటుందని లెక్క వేసి తయారుచేసినవి. 0డబ్ల్యూ-20 రాసిన చోట 20డబ్ల్యూ-50 పోస్తే ఇంజన్ బలపడదు, చలిలో పైకి ఎక్కడానికి ఆయిల్‌కే టైం పడుతుంది.

అలాగని పల్చటి ఆయిల్ దేవుడిచ్చిన వరమూ కాదు. అందులో ఇంధనం ఆదా లెక్క కూడా ఉంది, ఆ సంగతి దాచాల్సిన పని లేదు. జనరల్ మోటార్స్ 2025 ఏప్రిల్‌లో 2021 నుంచి 2024 దాకా వచ్చిన కొన్ని పికప్‌లు, ఎస్‌యూవీల 6.2 లీటర్ వీ8 ఇంజన్లని క్రాంక్ షాఫ్ట్, కనెక్టింగ్ రాడ్ భాగాల తయారీ లోపం వల్ల రీకాల్ చేసింది. తనిఖీలో పాసైన బండ్లకి 0డబ్ల్యూ-20 తీసేసి 0డబ్ల్యూ-40 పోసి, ఆయిల్ మూత కూడా మార్చారు. అక్కడ అసలు తప్పు ఆయిల్‌ది కాదు, కానీ బేరింగుల మధ్య ఆయిల్ పొర మందం ఎంత ముఖ్యమో దీన్నిబట్టి అర్థమవుతుంది. టయోటా మాన్యువల్స్‌లో కూడా, ఎక్కువ స్పీడులో గానీ భారీ లోడుతో గానీ నడిపితే కాస్త చిక్కటి గ్రేడు నయం కావచ్చని ఒక లైన్ ఉంటుంది. మీ మాన్యువల్‌లో అలాంటి లైన్ ఉందేమో వెతకండి. ఒక్క గ్రేడే ఇచ్చి ఊరుకుంటే అదే పోయండి. ఉష్ణోగ్రత పట్టిక ఇచ్చి రెండు మూడు గ్రేడులు ఒప్పుకుంటే, ట్రైలర్ లాగేవాళ్ళు, ఎప్పుడూ లోడు మీద ఉండేవాళ్ళు వాటిలో చిక్కనిది తీసుకోవచ్చు. పట్టిక దాటి మాత్రం వెళ్ళొద్దు, వారంటీలో ఉన్న బండితో అసలే వద్దు.

పెట్రోల్ ఇంజన్ అయితే

గ్రేడు తర్వాత చూడాల్సింది ఏపీఐ, అంటే అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, ఇచ్చే అక్షరాలు. ఎస్ఎన్ 2010 నాటిది, ఎస్పీ 2020 మేలో వచ్చింది, ఎస్‌క్యూ 2025 మార్చిలో వచ్చింది. పెట్రోల్ వరసలో కొత్త అక్షరం పాతదాని పని కూడా చేస్తుంది, కాబట్టి ఎస్ఎన్ అడిగిన ఇంజన్‌లో ఎస్పీ పోయొచ్చు, తిరగేస్తే కుదరదు.

టర్బో, డైరెక్ట్ ఇంజెక్షన్ ఉన్న ఇంజన్‌కి ఎందుకు తిరగేయకూడదో చెప్తాను. లోడుతో ఎత్తు ఎక్కుతున్నారు, గేరు తగ్గించలేదు, ఇంజన్ తక్కువ తిరుగుళ్ళలో ఉంది, యాక్సిలరేటర్ మాత్రం అడుగుదాకా తొక్కారు. సిలిండర్‌లో పేరుకున్న ఆయిల్, పెట్రోల్ కలిసిన చుక్క ఒకటి స్పార్క్ ప్లగ్ మండించేలోపే తనంతట తాను అంటుకుంటుంది. అప్పుడు వచ్చే దెబ్బ సుత్తితో కొట్టినట్టుంటుంది, పిస్టన్ పగిలిన సందర్భాలున్నాయి. ఆయిల్‌ని శుభ్రంగా ఉంచడానికి కలిపే కాల్షియం దీన్ని ఎక్కువ చేస్తోందని తేలాక, కాల్షియం తగ్గించి దాని చోట మెగ్నీషియం కలపడం మొదలుపెట్టారు. ఎస్ఎన్‌కీ ఎస్పీకీ మధ్యలో వచ్చిన ఎస్ఎన్ ప్లస్‌లో, ఎస్పీలో ఈ దెబ్బని తట్టుకునే పరీక్ష కూడా ఉంటుంది. షాపులో మూల పడి ఉన్న పాత ఎస్ఎన్ డబ్బా చవగ్గా వస్తోందని టర్బో బండికి తెచ్చుకోకండి.

డీజిల్ అయితే లెక్క వేరు

డీజిల్‌లో అన్నిటికంటే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న, సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ ఉందా లేదా. కొత్త బండి అయితే దాదాపు ఉన్నట్టే. ఈ ఫిల్టర్ మసిని పట్టి ఉంచి, నిండాక వేడి పెంచి కాల్చేస్తుంది. మసి కాలి గాలిలో కలిసిపోతుంది. ఆయిల్‌లో ఉన్న లోహపు మిశ్రమాలు మాత్రం కాలవు, కట్టెల పొయ్యిలో బూడిదలా అడుగున మిగిలిపోతాయి. ఆ బూడిద ఎన్నిసార్లు అలా కాల్చినా (దీన్నే రీజనరేషన్ అంటారు) పోదు, లక్ష కిలోమీటర్లైనా అక్కడే ఉంటుంది. అందుకే బూడిద తక్కువ ఇచ్చే ఆయిల్ కావాలి. యూరప్ బండి కంపెనీల సంఘం ఏసీఈఏ పెట్టిన సీ3 రకంలో ఇది 0.8 శాతం దాటకూడదు, ఏపీఐ సీకే-4లో 1 శాతం. పాత లారీలకి వాడే సీఐ-4 ఆయిల్‌కి ఆ కట్టుబాటు లేదు. అది చెడ్డ ఆయిల్ అని కాదు, మీ ఫిల్టర్‌కి పనికిరాదు, అంతే.

ఇక్కడే ఇంకో గొయ్యి ఉంది. 2016 డిసెంబర్‌లో సీకే-4తో పాటు ఎఫ్ఏ-4 అని ఇంకో రకం కూడా వచ్చింది. రెండూ 10డబ్ల్యూ-30 గ్రేడులో దొరుకుతాయి, డబ్బాలు పక్కపక్కనే ఉంటాయి, కానీ ఎఫ్ఏ-4 వేడిలో, ఒత్తిడిలో ఇంకా పల్చబడేలా చేసినది, దాని కోసమే రూపొందించిన ఇంజన్లకి మాత్రమే. గుండ్రటి ఏపీఐ ముద్రలో ఒక పక్క రంగు నింపి ఉంటే అది ఎఫ్ఏ-4 అని గుర్తు. మాన్యువల్‌లో ఆ పేరు లేకపోతే దాన్ని ముట్టుకోకండి.

ఏపీఐ అక్షరాలు సరిపోతే చాలనుకోవడానికీ లేదు. సీకే-4 వచ్చిన కొత్తలో కొన్ని ఆయిల్స్‌లో ఫాస్ఫరస్ తగ్గిందని, దానివల్ల వాల్వుల దగ్గర అరుగుదల పెరుగుతుందని ఫోర్డ్ అభ్యంతరం చెప్పి, డబ్ల్యూఎస్ఎస్-ఎం2సీ171-ఎఫ్1 అని తనదైన స్టాండర్డు పెట్టింది. జనరల్ మోటార్స్‌కి డెక్సాస్ వరస ఉంది, ఫోక్స్‌వ్యాగన్‌కి 507 00 లాంటి నంబర్లున్నాయి. మాన్యువల్‌లో ఇలాంటి కంపెనీ నంబర్ ఉంటే అదే ఆఖరి మాట. ఏపీఐ, ఏసీఈఏ దాని తర్వాతే. కొన్ని కొత్త డీజిల్ ఇంజన్లలో టైమింగ్ బెల్టో, ఆయిల్ పంపు బెల్టో ఆయిల్‌లోనే తడుస్తూ తిరుగుతుంది. అలాంటి ఇంజన్‌లో సరిపడని ఆయిల్ పోస్తే బెల్టు రబ్బరు పొట్టు రాలి, పంపు జాలీకి అడ్డం పడుతుంది. అక్కడ ప్రయోగాలు చేయొద్దు.

డీజిల్ వాళ్ళకి ఇంకో చిన్న అలవాటు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ తగ్గిందా అని చూడటమే మనకి తెలుసు, పెరిగిందా అని కూడా చూడండి. డీపీఎఫ్‌ని కాల్చడానికి చాలా ఇంజన్లు సిలిండర్‌లోకి కొంచెం ఎక్కువ డీజిల్ కొడతాయి, దగ్గర దగ్గర ప్రయాణాల్లో ఆ కాల్చడం మధ్యలో ఆగిపోతే అందులో కొంత కిందకి జారి ఆయిల్‌లో కలుస్తుంది. పుల్ల మీద మట్టం పై గీత దాటి, వాసన చూస్తే డీజిల్ కొడుతుంటే, కిలోమీటర్లు నిండేదాకా ఆగకుండా ఆయిల్ మార్చేయండి. నల్లగా అయిందని మాత్రం కంగారు పడకండి, డీజిల్‌లో కొత్త ఆయిల్ కూడా రెండు మూడు రోజుల్లో నల్లబడుతుంది.

డబ్బా వెనక భాష

మీ నంబర్ డబ్బా మీద కనిపించగానే సంబరపడకండి, దాని ముందు ఏ మాట ఉందో చూడండి. అప్రూవ్డ్ అనో లైసెన్స్‌డ్ అనో ఉంటే బండి కంపెనీ గానీ ఏపీఐ గానీ ఆ ఆయిల్‌ని ఒప్పుకున్నట్టు. మీట్స్ రిక్వైర్‌మెంట్స్ అని ఉంటే ఆయిల్ చేసినవాళ్ళు తమ మాటగా చెప్తున్నట్టు. సూటబుల్ ఫర్ అని ఉంటే వాడుకోవచ్చని వాళ్ళ అభిప్రాయం. రెండోది అబద్ధమని కాదు, పేరున్న కంపెనీలు చెప్తే నమ్మొచ్చు, కానీ వారంటీ నడుస్తున్నంత కాలం నేను మొదటి రకమే తీసుకుంటాను. బిల్లు దాచుకుంటాను. ఇంజన్ ట్రీట్‌మెంట్ అంటూ ఆయిల్‌లో కలపమని ఇచ్చే సీసాల జోలికి పోను. కలపాల్సినవన్నీ లెక్క ప్రకారం కలిపే ఆయిల్ చేస్తారు.

ఇప్పుడు డిఫరెన్షియల్

పికప్ వెనక ఇరుసులో క్రౌన్ వీల్ అనే పెద్ద పళ్ళ చక్రం, దాన్ని తిప్పే పినియన్ అనే చిన్న పళ్ళ చక్రం ఉంటాయి. పినియన్ క్రౌన్ వీల్‌కి నడిమధ్యన కాకుండా కాస్త కిందకి ఉండే హైపాయిడ్ రకం ఇది. దీంట్లో పళ్ళు ఒకదానిమీద ఒకటి దొర్లడంతో సరిపెట్టుకోవు, గట్టిగా ఒత్తుకుంటూ జారతాయి. ఆ ఒత్తిడికి మామూలు ఆయిల్ పొర చిరిగిపోతుంది. అందుకని గంధకం, ఫాస్ఫరస్ కలిపిన ఆయిల్ వాడతారు, వేడి పుట్టిన చోట ఇనుము మీద ఒక పల్చటి రసాయన పొర కట్టి పళ్ళు ఒకదాన్నొకటి కొరుక్కోకుండా కాపాడుతుంది. గేర్ ఆయిల్‌కి ఆ కంపు గంధకం వల్లే. చొక్కా మీద పడితే నాలుగు ఉతుకులకి గానీ వదలదు, పాత బట్టలు వేసుకోండి.

డిఫరెన్షియల్‌కి కావలసింది ఏపీఐ గేర్ ఆయిల్ రకాల్లో జీఎల్-5. జీఎల్-4లో ఆ మందు తక్కువ, అది చాలా మాన్యువల్ గేర్‌బాక్సులకి సరిపోతుంది. జీఎల్-5ని తీసుకెళ్ళి జీఎల్-4 అడిగే గేర్‌బాక్స్‌లో పోస్తే గేర్లు పడటం మొరాయిస్తుంది, లోపలి ఇత్తడి భాగాలు దెబ్బతినొచ్చు. ఒకటే డబ్బా కొని రెండిట్లోనూ పోసేద్దాం అనే ఆలోచన అందుకే వద్దు.

గేర్ ఆయిల్ నంబర్లని ఇంజన్ ఆయిల్ నంబర్లతో పోల్చకండి, ఆ కొలబద్ద వేరు, ఈ కొలబద్ద వేరు. 90 నంబర్ గేర్ ఆయిల్ 100 డిగ్రీల దగ్గర 13.5 నుంచి 18.5 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలిచే యూనిట్) మధ్య ఉంటుంది, 40 నంబర్ ఇంజన్ ఆయిల్ 12.5 నుంచి 16.3 మధ్య. అంటే అటూ ఇటూగా ఒకటే చిక్కదనం. కొత్త పికప్‌లలో 75డబ్ల్యూ-85 ఎక్కువగా కనిపిస్తోంది, ఇదీ ఇంధనం ఆదా కోసమే. భారీ ట్రైలర్లు లాగేవాళ్ళకి కొన్ని మాన్యువల్స్ 75డబ్ల్యూ-140 అని వేరే లైన్ ఇస్తాయి. అలాంటి లైన్ ఉండి మీ పని కూడా అదే అయితే మొహమాటం లేకుండా అదే పోయండి, ఎందుకంటే డిఫరెన్షియల్‌కి చల్లబరిచే ఏర్పాటు ఏమీ ఉండదు, బయట తగిలే గాలే దిక్కు. లైన్ లేకపోతే రాసిన గ్రేడులోనే సింథటిక్ తీసుకుని, తొందరగా మారుస్తూ ఉండండి.

లిమిటెడ్ స్లిప్ ఉందో లేదో ముందే తేల్చుకోండి

నేను దెబ్బతిన్నది ఇక్కడే. నా పికప్‌కి మొదటిసారి డిఫరెన్షియల్ ఆయిల్ మార్పించినప్పుడు మెకానిక్ డబ్బా చూపించి, "జీఎల్-5 పోశానన్నా, టెన్షన్ పడకు" అన్నాడు. నిజమే, జీఎల్-5, 75డబ్ల్యూ-90, రెండూ మాన్యువల్‌లో ఉన్నవే. ఇంటి గేటు దగ్గర స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా లోపలికి పోనిస్తుంటే కిందనుంచి ఎవరో బల్లని గచ్చు మీద ఈడ్చినట్టు గరగరమని చప్పుడు, సీటు కింద వణుకు. తిన్నగా వెళ్తే ఏమీ లేదు. మలుపు తిప్పితే మళ్ళీ మొదలు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, క్రౌన్ పినియన్ పోయిందనే అనుకున్నాను.

ఏం జరిగిందంటే, నా బండిలో ఉన్నది క్లచ్ ప్లేట్ల లిమిటెడ్ స్లిప్, అంటే పట్టు లేని చక్రం ఒక్కటే ఊరికే తిరిగిపోకుండా ఆపే డిఫరెన్షియల్. మలుపులో రెండు చక్రాలు వేరు వేరు స్పీడుల్లో తిరిగేటప్పుడు ఆ ప్లేట్లు ఒకదానిమీద ఒకటి మెత్తగా జారాలి. దానికి ఆయిల్‌లో ఫ్రిక్షన్ మాడిఫైయర్ అనే మందు ఉండాలి, లేకపోతే పట్టుకుంటూ వదులుతూ గరగరలాడతాయి. పట్టిక కింద చిన్న నక్షత్రం గుర్తు పెట్టి రాసిన ఆ మాట మెకానిక్ చూడలేదు, నేనూ చూడలేదు. చిన్న సీసా తెచ్చి, మాన్యువల్‌లో చెప్పినంత కొలిచి పోసి, ఖాళీ స్థలంలో ఎనిమిది అంకె వేస్తున్నట్టు ఇటు పది చుట్లు, అటు పది చుట్లు మెల్లగా తిప్పితే చప్పుడు పోయింది.

కాబట్టి మీ బండిలో ఏముందో ముందు తెలుసుకోండి. మామూలు డిఫరెన్షియల్ అయితే మందు అక్కర్లేదు. క్లచ్ ప్లేట్ల రకం అయితే కావాలి, కొన్ని ఆయిల్స్‌లో ముందే కలిపి ఉంటుంది, డబ్బా మీద లిమిటెడ్ స్లిప్ అని రాస్తారు, అప్పుడు మళ్ళీ సీసా పోయొద్దు. బటన్ నొక్కితే రెండు చక్రాలనీ కలిపి బిగించే లాకర్ ఉన్నవాళ్ళు, గేర్లతోనే పనిచేసే రకం ఉన్నవాళ్ళు మాన్యువల్ అడిగితే తప్ప పోయొద్దు, కొన్ని లాకర్లకి ఆ మందు వేస్తే పట్టు తగ్గుతుంది.

మార్చేటప్పుడు

బండిని ఓ పది కిలోమీటర్లు తిప్పి, సమతలం మీద నిలపండి. ముందు విప్పాల్సింది పైనున్న ఫిల్లర్ ప్లగ్. డ్రెయిన్ ప్లగ్ విప్పి ఉన్న ఆయిలంతా దించేశాక పై ప్లగ్ తుప్పు పట్టి రాకపోతే, కొత్త ఆయిల్ పోసే దారి లేక బండి అక్కడే ఉండిపోతుంది. పాత ఆయిల్ దిగుతుంటే దాని రంగు చూడండి, పాలు కలిసిన టీలా ఉంటే నీళ్ళు చేరినట్టు. నీళ్ళలో దిగిన బండికి ఇది మామూలే. ఇరుసు వేడిగా ఉన్నప్పుడు చన్నీళ్ళలో దిగితే లోపలి గాలి ముడుచుకుని గాలి వచ్చిపోయే బ్రీదర్ దగ్గరో సీలు దగ్గరో నీళ్ళని పీల్చుకుంటుంది. ఇరుసు మునిగేంత నీళ్ళలో నడిపారంటే కిలోమీటర్లతో పని లేకుండా ఆయిల్ చూడాల్సిందే.

ప్లగ్‌కి అయస్కాంతం ఉంటే దాని మీద బూడిద రంగు ముద్ద అంటుకుని ఉంటుంది. వేళ్ళ మధ్య నలిపితే కాటుకలా మెత్తగా ఉందా, పర్లేదు, కొత్త బండికి మొదటిసారి కాస్త ఎక్కువే ఉంటుంది. గుచ్చుకునే పెళ్ళలు తగిలితే ఆయిల్ మార్చి ఊరుకోకుండా కవర్ విప్పించండి. కొత్త గేర్లు ఒకదానికొకటి కుదురుకునేటప్పుడు ఈ ముద్ద ఎక్కువ వస్తుంది కాబట్టే, చాలా మాన్యువల్స్ మొదటి 800 కిలోమీటర్లు ట్రైలర్ లాగొద్దంటాయి. మొదటిసారి గడువుకి ముందే మార్చడం నాకు ఇష్టం, ఆయిల్‌ని వడకట్టే ఫిల్టర్ లేదు కదా.

చాలా ఇరుసుల్లో ఫిల్లర్ రంధ్రం కింది అంచుకి ఆయిల్ వచ్చేదాకా పోస్తే చాలు, కొన్నిటికి అంచు కంటే ఫలానా మిల్లీమీటర్లు కింద అని రాసి ఉంటుంది. ఇరుసు మీద సన్న గొట్టంలా ఉండే బ్రీదర్ మట్టితో మూసుకుపోయిందేమో ఊది చూడండి. అది మూసుకుపోతే వేడికి లోపల గాలి ఉబ్బి సీళ్ళ దగ్గర్నుంచి ఆయిల్‌ని బయటకి తోస్తుంది, సీలు పోయిందని మార్పించినా మళ్ళీ కారుతుంది.

ఇంజన్ ఆయిల్ మార్చినప్పుడు మీటర్‌లో ఆయిల్ లైఫ్ శాతాన్ని రీసెట్ చేయడం మర్చిపోకండి. ఆ శాతం చాలా బండ్లలో ఆయిల్‌ని పరీక్షించి చెప్పేది కాదు, ఇంజన్ ఎన్ని తిరుగుళ్ళు తిరిగింది, ఎంత వేడెక్కింది అన్న లెక్క. మీరు ఏ ఆయిల్ పోశారో దానికి తెలియదు. దుమ్ములో తిరిగినా, ఎప్పుడూ లోడు మీద ఉన్నా, రోజూ మూడు నాలుగు కిలోమీటర్లే తిప్పి ఆపేసినా మాన్యువల్‌లో కఠినమైన వాడకం అని ఉన్న గడువే మీది, డిఫరెన్షియల్‌కి కూడా.

ఆ రాత్రి ఇంజన్ కింద ఒక అట్ట, వెనక ఇరుసు కింద ఒక అట్ట పరిచి పడుకోండి. పొద్దున్నే రెండూ పొడిగా ఉంటే పాత ఆయిల్‌ని డబ్బాలో పోసి, తీసుకునే వర్క్‌షాప్‌లో ఇచ్చేయండి. వెనక అట్ట మీద చుక్క కనిపిస్తే ముందు డ్రెయిన్ ప్లగ్ వాషర్ చూడండి, పాత వాషరే మళ్ళీ వేసి ఉంటారు.